పిల్లలకు పుస్తకాలతో ప్రపంచాన్ని పరిచయం చేయడం ఎలా? ముందు ఒక మిరపకాయ తీసుకోండి

నమస్తే అండీ. మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీరుండేది హైదరాబాదులో. పాపకు ఏడేళ్ళు, బాబుకు పదేళ్ళు, ఇద్దరూ ఇంగ్లీషు మీడియం. వేరే దేశాల మనుషులు ఎలా బతుకుతారో, ప్రకృతి ఏమిటో, సైన్సు ఏమిటో చదువుతూ తెలుసుకోవాలని బొమ్మల విజ్ఞాన సర్వస్వం సెట్టు ఒకటి కొనిచ్చారు. నాలుగు రోజులు తిరగేసి వదిలేశారు. ఏ వయసుకు ఏ పుస్తకాలు ఇవ్వాలి, తెలుగులోనా ఇంగ్లీషులోనా, అసలు ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. "సంస్కృతులు", "ప్రకృతి", "సైన్సు" అని మూడు అరలు పెట్టుకుని పుస్తకాలు కొనకండి. పిల్లలు రోజూ చూసే ఒక వస్తువునో ప్రాణినో పట్టుకుని, ఒక నెలపాటు దాని చుట్టూ చదవండి. మొదట్లో మీరే పైకి చదివి వినిపించండి. ఈ రెండూ చేస్తే ఏ పుస్తకం కొనాలన్న బెంగ చాలావరకు తీరిపోతుంది. ఎందుకంటే తర్వాతి పుస్తకం ఏదో పిల్లలే అడుగుతారు.

నేను శ్రీకాకుళం జిల్లా ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో సైన్సు చెప్పాను. రిటైరయ్యాక టెక్కలిలో మా ఇంటి ముందుగది పిల్లల పుస్తకాలకు ఇచ్చేశాను. బడి వదిలాక వచ్చి చదువుకునేవాళ్ళు, చదివించుకునేవాళ్ళు, ఊరికే బొమ్మలు చూసేవాళ్ళు అందరూ అక్కడే. కింద రాసేవన్నీ ఆ గదిలో పనిచేసిన పద్ధతులు.

విజ్ఞాన సర్వస్వం అటకెక్కడం పిల్లల తప్పు కాదండీ. అందులో ఉన్నవన్నీ జవాబులే. పిల్లలకు ఇంకా పుట్టని ప్రశ్నలకు జవాబులు. పేజీకి పది గళ్ళు, గడికో వింత. శని గ్రహం వలయాలు, ఈజిప్టు మమ్మీ, నీలి తిమింగలం బరువు. ఏదీ దేనితోనూ కలవదు. ఆ సెట్టు అమ్మేయకండి, అందుబాటులో ఉండే కింది అరలో పెట్టండి. ప్రశ్న పుట్టిన రోజు అదే పుస్తకాన్ని పాప పరిగెత్తుకెళ్ళి తెస్తుంది.

ప్రశ్న ఎలా పుడుతుందో చెప్పడానికి మీ వంటింట్లోంచే ఒక ఉదాహరణ ఇస్తాను.

మిరపకాయ. రామచిలుక పచ్చిమిరపకాయ కొరుక్కు తింటుందని తెలుగు పిల్లలందరికీ తెలుసు. "మరి దానికి కారం మండదా?" అని మా దగ్గర ఒక పాప అడిగింది. ఆ ఒక్క ప్రశ్న మాకు ఆరు వారాల చదువు పెట్టింది.

మండదు. మిరపలో కారం పుట్టించే పదార్థం కాప్సైసిన్. మన నోట్లో, చర్మంలో వేడిని పసిగట్టే ఒక గ్రాహకం ఉంటుంది, కాప్సైసిన్ వెళ్ళి దాన్ని మీటుతుంది. అందుకే నిజంగా ఏదీ కాలకపోయినా "మంట" అంటాం. పక్షుల్లో ఆ గ్రాహకం కాప్సైసిన్‌కు స్పందించదు. ఇందులో మిరపమొక్కకు లాభం ఉంది. జంతువులు దవడపళ్ళతో గింజల్ని నమిలి పాడుచేస్తాయి. చాలా పక్షులు గింజల్ని మింగేసి, ఎక్కడో దూరాన రెట్టతో పాటు విడుస్తాయి. గింజను పాడుచేసేవాళ్ళకు మంట, మోసుకెళ్ళేవాళ్ళకు ఫలహారం. ఈ గ్రాహకాన్ని కాప్సైసిన్ సాయంతోనే కనిపెట్టినందుకు డేవిడ్ జూలియస్ అనే అమెరికా శాస్త్రవేత్తకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. స్పర్శ గ్రాహకాలను కనిపెట్టిన ఆర్డెమ్ పటాపూటియన్‌తో కలిసి పంచుకున్నారు. పదేళ్ళ పిల్లవాడికి ఇది పూర్తిగా అర్థమవుతుంది. కారం తిన్నాక నీళ్ళు తాగితే మంట ఎందుకు తగ్గదు, పెరుగు తింటే ఎందుకు తగ్గుతుంది అన్నది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. కాప్సైసిన్ నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. పాలు, పెరుగులోని కేసీన్ అనే ప్రోటీన్ కూడా దాన్ని నాలుక మీద నుంచి తొలగిస్తుంది. (చేతులు కడుక్కోకుండా కళ్ళు నులుముకోవద్దని ముందే చెప్పండి.)

ఇక్కడిదాకా సైన్సు, ప్రకృతి. ఇప్పుడు గ్లోబు తీయండి. మిరప మన మొక్క కాదు. మెక్సికో ప్రాంతంలో వేల ఏళ్ళుగా సాగులో ఉన్న పంట. 1492లో కొలంబస్ అమెరికా చేరాక, 1498లో వాస్కో డ గామా కాలికట్‌లో దిగాక, పోర్చుగీసు ఓడల మీద మన తీరానికి వచ్చింది. అంతకు ముందు మన వంటలో కారమంటే మిరియాలు, పిప్పళ్ళు, అల్లం, ఆవాలు. శ్రీనాథుడు ఎన్ని విందులు ఆరగించినా ఒక్క మిరపకాయ రుచి చూసి ఉండడు! గుంటూరు పిల్లలకు ఈ సంగతి చెప్పి వాళ్ళ మొహాలు చూడాలి మీరు. వేరుశనగ, టమాటా, బంగాళాదుంప, జామ, సీతాఫలం, బొప్పాయి, జీడిమామిడి, మొక్కజొన్న కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. మా పలాస ప్రాంతమంతా జీడిపప్పు మీద బతుకుతుంది. ఆ చెట్టు సొంత ఊరు బ్రెజిల్ అని తెలిశాక మా పిల్లలు బ్రెజిల్ గురించి ఏ పుస్తకం దొరికినా వదల్లేదు.

మెక్సికోలో ఇవాళ్టికీ బండి మీద మామిడి ముక్కలు కోసి, ఉప్పూ కారం చల్లి, నిమ్మకాయ పిండి అమ్ముతారు. మన బడి గేటు ముందు అమ్మే మామిడికాయ ముక్కల్లాంటివే. ఇది తెలిసిన పిల్లవాడికి మెక్సికో వాళ్ళంటే పెద్ద టోపీలు పెట్టుకునే వింత మనుషులు అనిపించదు. మనలాగే జామకాయకు కారం అద్దుకుని తినే పిల్లలు అక్కడ ఉన్నారనిపిస్తుంది. హంగేరీలో పాప్రికా, కొరియాలో కిమ్చీ, చైనాలో సిచువాన్ వంటలు, ఇవన్నీ ఆ ఒక్క మొక్క తిరిగిన దారులే. ఒక్కో దేశానికీ ఒక్కో జానపద కథ వెతికి చదివి వినిపించండి.

పుస్తకాల ఎంపిక ఇలా చేసుకోవచ్చు. ఒక వస్తువు అనుకున్నాక దానికి ఒక కథ, ఒక నిజ విషయాల పుస్తకం, ఒక పటం. ఒక్కోసారి పుస్తకం కూడా అక్కర్లేదు, పత్రికలో వచ్చిన వార్త చాలు. వీటితో పాటు చేతికి పని ఒకటి ఉండాలి. మిరప గింజ నాటడం, బొమ్మ గీయడం, తాతయ్యను అడిగి రాసుకోవడం, ఏదైనా సరే. చేతికి పని లేకపోతే చదివింది పదిరోజులు కూడా నిలవదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి చెబుతాను. తూనీగ.

వానాకాలం చివర మైదానాల మీద, వరిచేల మీద పసుపు రంగు తూనీగలు గుంపులు గుంపులుగా ఎగురుతాయి. హైదరాబాదులో మీ అపార్టుమెంటు పైకప్పు మీద కూడా కనిపిస్తాయి. దాని శాస్త్రీయ నామం పాంటాలా ఫ్లావెసెన్స్. మాల్దీవుల్లో ఉండే చార్లెస్ ఆండర్సన్ అనే సముద్ర జీవశాస్త్రవేత్త ఒక విషయం గమనించారు. ఆ దీవుల్లో చెరువులూ వాగులూ దాదాపు లేవు. తూనీగ గుడ్లు పెట్టాలంటే మంచినీళ్ళు కావాలి. అయినా ప్రతి అక్టోబరులో వేలాది తూనీగలు అక్కడికి దిగుతున్నాయి. ఎక్కడి నుంచి వస్తున్నాయి, గుడ్లు పెట్టే వీలు లేనిచోటికి ఎందుకు వస్తున్నాయి? ఏళ్ళ తరబడి తారీఖులు రాసుకుని, గాలుల లెక్కలతో పోల్చి, 2009లో ఆయన ఒక ప్రతిపాదన చేశారు. ఈ తూనీగలు మన దేశం నుంచి బయల్దేరి, ఈశాన్య గాలులను ఆసరా చేసుకుని, మాల్దీవులు, సీషెల్స్ మీదుగా హిందూ మహాసముద్రం దాటి తూర్పు ఆఫ్రికా చేరుతున్నాయని. అక్కడి వానగుంటల్లో గుడ్లు పెడతాయి. పిల్లలు, వాటి పిల్లలు వానల వెంట కదులుతూ, నైరుతి రుతుపవనాలతో మళ్ళీ మన వైపు వస్తాయి. మొత్తం చుట్టు 14,000 నుంచి 18,000 కిలోమీటర్లు, పూర్తికావడానికి నాలుగు తరాలు. వెళ్ళిన తూనీగ తిరిగి రాదు, దాని మునిమనవలు వస్తాయి.

పిల్లలకు ఇది చదివి వినిపించాక ఆ గదిలో నిశ్శబ్దం రెండు క్షణాలు కూడా ఉండదు. "మరి దారి ఎవరు చెప్పారు వాటికి?" అంటారు. "సముద్రం మీద నిద్రెలా పోతాయి?" అంటారు. చాలా ప్రశ్నలకు శాస్త్రవేత్తల దగ్గర కూడా ఇంకా పూర్తి జవాబు లేదు. ఆ మాట పిల్లలకు చెప్పండి. పెద్దలకు కూడా తెలియనివి ఉన్నాయనీ, ఒక మనిషి తన పెరట్లో కనిపించే పురుగును ఏళ్ళ తరబడి ఓపిగ్గా గమనిస్తే ప్రపంచానికి కొత్త సంగతి దొరికిందనీ తెలియడం కన్నా మంచి సైన్సు పాఠం నాకు తెలియదు.

ఇదే తూనీగ జపాన్‌కు కూడా ప్రతి ఏడూ దక్షిణం నుంచి వెళుతుంది. ఆగస్టులో అక్కడ ఒబోన్ అని పితృదేవతలను ఇంటికి ఆహ్వానించే పండుగ జరుగుతుంది. ఆ రోజుల్లోనే కనిపిస్తుంది కాబట్టి, పెద్దల ఆత్మలు దీని మీద వస్తాయని, పట్టుకోవద్దని కొన్ని ప్రాంతాల్లో పిల్లలకు చెబుతారు. మా పిల్లలు ఇది వినగానే మహాలయ పక్షంలో కాకికి ముద్ద పెట్టడం గుర్తు చేసుకున్నారు. ఎవరూ పోల్చమని చెప్పలేదు. పసిఫిక్ మహాసముద్రం నడుమ ఒంటరిగా ఉండే ఈస్టర్ దీవిలో ఉన్న ఏకైక తూనీగ జాతి కూడా ఇదే. ఒక్క పురుగు వెంట వెళితే భూగోళం, రుతుపవనాలు, పండుగలు అన్నీ కలిసి వస్తాయి. ఇంకొక సంగతి. దీనిగురించి చదివాక తూనీగ తోకకు దారం కట్టి ఎగరేసే ఆటను మా వీధి పిల్లలు వాళ్ళంతట వాళ్ళే మానేశారు.

చదివింది సరిచూసుకోవడం నేర్పండి. ఇది మీ బాబు వయసు పిల్లలకు చాలా ముఖ్యం. మాకు దగ్గరలో తేలినీలాపురం అనే ఊరుంది. చలికాలంలో అక్కడి చింతచెట్ల మీద గూడబాతులు, రంగురెక్కల కొంగలు వందలకొద్దీ గూళ్ళు కట్టుకుని పిల్లల్ని పెంచుతాయి. ఇవి సైబీరియా నుంచి వచ్చే పక్షులని ఊరంతా అంటుంది, పత్రికలూ అలాగే రాస్తాయి. మా పిల్లలు పక్షుల పుస్తకం తీసి ఆ రెండు జాతుల పేజీలు చూశారు. అవి నివసించే ప్రాంతాన్ని చూపించే పటంలో భారతదేశం, శ్రీలంక, ఆగ్నేయాసియా ఉన్నాయి. సైబీరియా లేదు. సైబీరియా నుంచి వచ్చే బాతులు, ఉల్లంకులు వేరే ఉన్నాయి. అవి ఇక్కడ గూళ్ళు కట్టవు, చలికాలం గడిపి వెళ్ళిపోతాయి. గూడు కట్టి పిల్లల్ని పెంచుతున్న పక్షి సైబీరియాది ఎలా అవుతుంది అని ఎనిమిదో తరగతి అమ్మాయి అడిగిన ప్రశ్నకు పెద్దవాళ్ళు తడుముకున్నారు. అయితే ఊరివాళ్ళను తక్కువ చేసే పని మాత్రం పెట్టుకోనివ్వలేదు. ఆ పక్షులు వస్తే ఊరికి మంచిదని నమ్మి, వాటి రెట్ట వాసన భరించి, ఎవరినీ వేటాడనివ్వకుండా కాపాడింది ఆ ఊరివాళ్ళే. పుస్తకంలో లేనిది వాళ్ళ దగ్గర ఉంది. ఏ నెలలో వస్తాయి, ఏ చెట్టు ముందు నిండుతుంది, తిత్లీ తుపానుకు చెట్లు కూలిన ఏడాది ఏమైంది. పిల్లలు వెళ్ళి అడిగి నోట్‌బుక్కులో రాసుకొచ్చారు.

ఇదే వయసువాళ్ళకు కలివికోడి కథ తప్పక చెప్పండి. 19వ శతాబ్దంలో జెర్డాన్ అనే ఆంగ్లేయ వైద్యుడు లోకానికి పరిచయం చేసిన ఈ చిన్న పక్షి 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. అంతరించిపోయిందనుకున్నారు. 1986లో కడప జిల్లా లంకమల అడవుల అంచున మళ్ళీ దొరికింది. దాని జాడ పట్టించడంలో స్థానికుల సాయమే కీలకం. పరాయి దేశాల అడవుల గురించి ఎంత చదివినా, ఇది మన కడపలో జరిగిందంటే పిల్లల కళ్ళు పెద్దవవుతాయి.

సైన్సు పుస్తకాల విషయంలో ఒక జాగ్రత్త. తెలుగులో దొరికే శాస్త్రవేత్తల జీవితకథల్లో చాలావరకు పుట్టిన ఊరు, చదివిన కాలేజీ, వచ్చిన బిరుదులే ఉంటాయి. ఆయన ఏ ప్రశ్నతో కుస్తీపట్టాడో ఉండదు. అలాంటివి పక్కన పెట్టండి. ఉదాహరణకు 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గురించి చెప్పేటప్పుడు, బోదకాలు రాకుండా ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర ఆయన నాయకత్వంలో అమెరికాలో తయారైందని చెప్పి మొదలుపెట్టండి. మా జిల్లా పిల్లలు ఆ మాత్ర మింగినవాళ్ళే. ఆ తర్వాత ఆయన కథ వినమని బతిమాలక్కర్లేదు.

మీరు హైదరాబాదులో ఉన్నారు కాబట్టి మీకో మంచి అవకాశం ఉంది. ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు అలెగ్జాండ్రియా గ్రంథాలయానికి అధిపతి. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో ఆయన నీడలు కొలిచి భూమి చుట్టుకొలత లెక్కగట్టాడు. సయీన్ అనే ఊళ్ళో ఏడాదికొక రోజు మిట్టమధ్యాహ్నం సూర్యుడు బావి అడుగున కనిపిస్తాడని, అంటే నిలువు వస్తువులకు నీడ ఉండదని విన్నాడు. అదే రోజు అలెగ్జాండ్రియాలో నీడ కోణం కొలిస్తే వృత్తంలో యాభయ్యో వంతు వచ్చింది. రెండు ఊళ్ళ దూరాన్ని యాభైతో హెచ్చవేశాడు. హైదరాబాదులో మే 9 ప్రాంతంలో, మళ్ళీ ఆగస్టు 3 ప్రాంతంలో మధ్యాహ్నం 12 దాటిన కొద్దిసేపటికి నీడ మాయమవుతుంది. ఢిల్లీ దాదాపు మీకు నేరుగా ఉత్తరాన, సుమారు 1250 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఢిల్లీలో చుట్టాలెవరైనా ఉంటే, ఆ రోజు మీటరు కర్ర నిలువుగా పాతి, నీడ అతి పొట్టిగా ఉన్నప్పుడు కొలవమనండి. 20 సెంటీమీటర్ల దగ్గర వస్తుంది. కాగితం మీద ఆ త్రిభుజం గీసి కోణమానినితో కొలిస్తే 11 డిగ్రీల పైచిలుకు. 360ని దానితో భాగించి 1250తో హెచ్చవేయండి. 40,000 కిలోమీటర్ల చుట్టుపక్కల వస్తుంది. పదేళ్ళ పిల్లవాడు భూమిని కొలిచేశాడు! ఆ కథ ముందు రాత్రి చదివి, మర్నాడు కర్ర పాతాలి. క్రమం అదే.

వేరే సంస్కృతుల పుస్తకాలు ఎంచేటప్పుడు నేను చూసేది ఒక్కటే. ఆ దేశపు పిల్లలు ఆ పుస్తకంలో మామూలు రోజున ఏం చేస్తున్నారు? పండుగ బట్టలు, డ్యాన్సు, వింత తిండి మాత్రమే ఉంటే అది ప్రదర్శన. ఉత్తర ధ్రువ ప్రాంతంలో ఉండే ఇన్యూట్ ప్రజలంటే మంచు గూట్లో కూర్చున్న బొమ్మ వేసే పుస్తకాలు ఇంకా వస్తున్నాయి. మంచు ఇళ్ళు కొన్ని ప్రాంతాల్లో, చలికాలంలో మాత్రమే కట్టుకున్నవి. ఇవాళ వాళ్ళు మామూలు ఇళ్ళలో ఉంటారు, పిల్లలు బడికి వెళతారు. ఆఫ్రికా ఒక దేశమన్నట్టు "ఆఫ్రికా కథ" అని రాసేస్తారు. అక్కడ యాభైకి పైగా దేశాలున్నాయి, ఏ దేశపు కథో, ఏ జాతి చెప్పుకునే కథో రాయని పుస్తకాన్ని నేను కొనను. గోడకు తగిలించే పటం విషయంలోనూ జాగ్రత్త. చాలా పటాల్లో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి పద్నాలుగు రెట్లు. అందుకే పటంతో పాటు ఒక గ్లోబు తప్పనిసరి.

జపాన్ గురించి అడిగే పదేళ్ళ పిల్లలకు నేను ఇచ్చేది టెట్సుకో కురోయనాగి రాసిన "రైలుబడి". పాత రైలు పెట్టెల్లో తరగతులు జరిగే టోక్యోలోని ఒక చిన్న బడిలో ఆమె చదువుకున్న రోజుల కథ. మధ్యాహ్నం డబ్బాలో సముద్రం నుంచి ఒకటి, నేల నుంచి ఒకటి తెచ్చుకోవాలని అక్కడి హెడ్మాస్టరు గారి నియమం. చదివిన మర్నాడు మీ పిల్లల క్యారేజీలో ఏది ఎక్కడిదో వాళ్ళే లెక్కపెడతారు. ఆ బడి 1945లో బాంబుదాడిలో కాలిపోయింది. ఆ పేజీలు దాటేయకండి. పక్కన కూర్చుని చదవండి, ఏడిస్తే ఏడవనివ్వండి.

పరాయి సంస్కృతి అనగానే విమానమెక్కాలని అనుకోనక్కర్లేదు. మా జిల్లా కొండల్లో సవరలున్నారు. వాళ్ళ భాష వేరు, ఇంటి గోడల మీద వేసే బొమ్మలు వేరు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు. నల్లమలలో చెంచులు, ఆదిలాబాదులో గోండులు ఉన్నారు. వీళ్ళను ఎరగకుండా నేరుగా ఆస్ట్రేలియా ఆదివాసుల దగ్గరకు వెళ్ళిన పిల్లలకు అదంతా కథల లోకంలాగే ఉండిపోతుంది.

చల్లని దేశాల్లో రాసిన ప్రకృతి పుస్తకాలతో ఇంకో చిక్కుంది. శరదృతువులో ఆకులు ఎర్రబడి రాలతాయి, శీతాకాలంలో మంచు కురుస్తుంది, వసంతంలో గడ్డి మొలుస్తుంది అని అన్ని చోట్లా ఇలాగే ఉన్నట్టు రాస్తారు. మన దగ్గర చాలా చెట్లు ఆకు రాల్చేది చలి వెళ్ళి ఎండలు ముదిరే వేళ, నీళ్ళు పొదుపు చేసుకోవడానికి. మోదుగ ఒక్క ఆకూ లేకుండా ఎర్రగా పూసేది ఫిబ్రవరి, మార్చిలలో. మన నేల మీద పచ్చిక మొలిచేది తొలకరికి. ఆ పుస్తకాలు మానేయక్కర్లేదు. పక్కన ఒక నోట్‌బుక్కు పెట్టి, మీ వీధిలో ఏ చెట్టు ఏ నెలలో ఆకు రాల్చిందో, పూసిందో పిల్లలతో రాయించండి. ఏడాది తిరిగేసరికి హైదరాబాదు రుతువుల పుస్తకం మీ ఇంట్లోనే తయారవుతుంది. పిల్లలు ఇంకో దేశపు పుస్తకాన్ని దాని పక్కన పెట్టి చూసుకుంటారు.

ఇక చదివే తీరు. రాత్రి పడుకునే ముందు పావుగంట, ఇరవై నిమిషాలు చాలు. ఇద్దరికీ కలిపే చదవండి. ఏడేళ్ళ పాపకు అర్థం కానిది బాబు చెబుతాడు, బాబు అడగడానికి సిగ్గుపడేది పాప అడిగేస్తుంది. వారంలో రెండు రోజులు వాళ్ళ నాన్నగారు చదవాలి. పుస్తకం అమ్మ పని అనే భావం మగపిల్లల్లో చిన్నప్పుడే పడిపోతోంది. మధ్యలో ప్రశ్న వస్తే ఆపండి, కథ రేపు పూర్తవుతుంది. చదివిన పుస్తకమే మళ్ళీ కావాలంటే మళ్ళీ చదవండి. చదవగానే "ఇందులో నీతి ఏమిటి?", "ఏం గుర్తుంది చెప్పు?" అని మాత్రం అడగకండి. పరీక్ష వాసన తగిలితే పిల్లలు రెండోసారి దగ్గరకు రారు. చదివింది వాళ్ళలో ఏం చేస్తోందో వారం తర్వాత భోజనాల దగ్గర వాళ్ళ మాటల్లోనే బయటపడుతుంది.

వీడియోలు చూపించవచ్చా అని కొందరు అడుగుతారు. చూపించండి, కానీ చదివిన తర్వాత. ముందు వాళ్ళ మనసులో ఒక బొమ్మ కట్టుకోనివ్వాలి.

భాష గురించి అంతగా ఆందోళన వద్దు. మీ ఇంట్లో మాట్లాడుకునేది తెలుగు అయితే ఆలోచన, ప్రశ్న తెలుగులోనే పుడతాయి. ఇంగ్లీషు బొమ్మల పుస్తకాన్ని చేతిలో పట్టుకుని తెలుగులో చెప్పవచ్చు, ఏ తప్పూ లేదు. అయితే రోజూ కొంతైనా తెలుగు అచ్చు వాళ్ళ కళ్ళ ముందు పడాలి. ఇంగ్లీషు మీడియం పిల్లలు తెలుగు చదవడం ఇష్టం లేక మానరు, నెమ్మదిగా సాగుతుందని విసిగి మానేస్తారు. పేజీకి రెండు మూడు వాక్యాలున్న పుస్తకాలు పదేళ్ళ బాబుకు కూడా ఇవ్వండి. "చెల్లికి చదివి వినిపించు" అంటే చిన్నపిల్లల పుస్తకమన్న నామోషీ ఉండదు.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయంటే, ఖర్చు లేకుండానే చాలా దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగులో బోలెడు బొమ్మల కథలు ఉచితంగా చదువుకోవచ్చు, అచ్చు తీసుకోవచ్చు. చదివే స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా విడదీసి పెట్టారు. మీ పాపకు రెండో మెట్టుతో మొదలుపెట్టండి. నేషనల్ బుక్ ట్రస్ట్ వారి నెహ్రూ బాల పుస్తకాలయం వరుసలో చౌకగా, మంచి బొమ్మలతో ఉంటాయి. సికింద్రాబాదులోని "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థ వారు ఇతర దేశాల పిల్లల పుస్తకాలు, సైన్సు పుస్తకాలు తెలుగులో శ్రద్ధగా వేస్తున్నారు. జన విజ్ఞాన వేదిక వారి చెకుముకి పత్రిక బాబుకు సరిపోతుంది. అరవింద గుప్తా గారి వెబ్‌సైటులో పారేసే వస్తువులతో చేసే సైన్సు బొమ్మలు, ఉచిత పుస్తకాలు ఎన్నో ఉన్నాయి. ఒకప్పుడు విశాలాంధ్ర దుకాణాల్లో దొరికిన సోవియట్ పిల్లల పుస్తకాలు మీ అమ్మగారి ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉన్నాయేమో చూడండి. మా తరం మంచునూ, భూర్జ వృక్షాలనూ, తోడేళ్ళనూ చూసింది ఆ బొమ్మల్లోనే. అవి ఇప్పటికీ చిరగలేదు.

ఇంకోటి, మీ ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నారు. ఆ డబ్బుతో నడిచే శాఖా గ్రంథాలయం మీ దగ్గరలోనే ఉంటుంది. ఒక ఆదివారం పిల్లలతో వెళ్ళి సభ్యత్వం తీసుకోండి. పిల్లల పుస్తకాలు సరిగా లేకపోతే ఏవి కావాలో జాబితా రాసి గ్రంథపాలకుడికి ఇవ్వండి. అడిగేవాళ్ళు ఉంటేనే తెప్పిస్తారు.

ఈ నెల మీరు చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. కొత్త పుస్తకం కొనకండి. పిల్లలిద్దరూ ఏది చూసి ఆగిపోతున్నారో వారం రోజులు గమనించండి. గోడ మీద బల్లి కావచ్చు, లిఫ్టు కావచ్చు, ఇడ్లీ పిండి పులవడం కావచ్చు, పక్కింటి మణిపూర్ అబ్బాయి మాటలు కావచ్చు. అదేమిటో ఇక్కడ కింద రాస్తే, దాని చుట్టూ ఏ కథ, ఏ సైన్సు పుస్తకం, ఏ దేశం పెట్టుకోవచ్చో నాకు తెలిసినంత చెబుతాను.